ఆటలో అరటిపండు

నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన ఒక పల్లెటూరి పాఠశాలకు ఒకనాడు క్రీడాసామగ్రి పెట్టె వచ్చినది. అందు రెండు తోలుబంతులు, ఒక వల, నాలుగు బ్యాట్లు, కొన్ని త్రాళ్ళు, ఒక ఈల, గాలి కొట్టు పంపు ఉండెను. ఊరి పెద్దలు నలుగురు వచ్చి దానిని పిల్లలకు బహూకరించిరి. చప్పట్లు మ్రోగినవి. ఫోటో తీసిరి. సభ ముగిసిన పిదప నేనా పెట్టెను నా గదిలోని ఇనుపబీరువాలో పెట్టి, తాళము వేసి, స్టాకు రిజిస్టరులో ఒక్కొక్క వస్తువును ఎక్కించితిని. బంతి పోయినను, బ్యాటు విరిగినను తనిఖీనాడు సమాధానము చెప్పుకొనవలసినవాడను నేనే. కనుక బంతి పోలేదు, బ్యాటు విరుగలేదు. రెండేండ్ల తరువాత చూచినప్పుడు బంతులు రెండును గాలి పోయి, ముడుతలు పడి, బీరువా అడుగున భద్రముగా ఉండెను.

ఆ రెండేండ్లును పిల్లలు ఆటలు మానుకొని కూర్చుండిరని పాఠకులు తలపరాదు. మధ్యాహ్నపు గంట మ్రోగుటయే తడవుగా నా గది కిటికీ యెదుటనే వారి ఆట సాగుచుండెడిది. వంటపాక కప్పునుండి జారిపడిన పెంకులను పగులగొట్టి, అరచేతి వెడల్పున ఏడు ముక్కలు చేసికొనిరి. చినిగిన చొక్కా పీలికలను ఉండగా చుట్టి, పాత సైకిలు ట్యూబును సన్నని చుట్లుగా కత్తిరించి, ఆ ఉండమీద నలువైపుల బిగించి బంతి చేసికొనిరి. ఆ బంతి ఎగిరెడిది. తగిలిన వీపు చుఱుక్కుమనెడిది. పోయినచో అరగంటలో ఇంకొకటి తయారగుచుండెడిది. ఏ రిజిస్టరునందును దాని పేరు లేదు. బీరువాలోని బంతికిని బయటి బంతికిని గల ఈ భేదమును గుఱించియే నేడు ఉపాధ్యాయ మిత్రులతోను, విద్యార్థులతోను నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఏడు పెంకులాట ఎఱుగనివారు ఈ తరమున కొందరుందురు గనుక దాని తీరు చెప్పెదను. పెంకులను ఒకదానిపై నొకటి దొంతరగా నిలుపుదురు. ఒక జట్టువాడు గీతకడ నిలిచి బంతి విసరి ఆ దొంతరను పడగొట్టవలెను. పడిన మఱుక్షణమున అతని జట్టువారందరు చెదరిపోయి, ఎదుటివారు బంతితో కొట్టకమునుపే పెంకులను మఱల పేర్చవలెను. పెంకులకడకు వచ్చినవాడు బంతికి గురియగును. రానివాడు జట్టును ఓడించును. కనుక ఒకడు పెంకు పెట్టుచుండగా ఇంకొకడు బంతిని తనవైపునకు మరలించుకొని పరుగెత్తును. ఇందు పరుగున్నది; గురి యున్నది; వంగుట, లేచుట, తప్పించుకొనుట ఉన్నవి. పెద్ద పెంకు అడుగునను, చిన్న పెంకు పైనను ఉండవలెనను వివేకము ఆ తొందరలో సైతము తప్పరాదు. అయిదు మొదలు పదునేడేండ్ల వయస్సు వరకుగల పిల్లలకు సగటున దినమునకు 60 నిమిషములైనను ఊపిరి వేగము హెచ్చునట్టి శారీరక శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనలలో చెప్పినది. ఆ అరువది నిమిషములలో సగము మా వంటపాక పెంకులే సమకూర్చుచుండెను.

వస్తువు అల్పమైనప్పుడు ఆట విస్తృతమగుటకు కారణము కలదు. బ్యాటు ఎప్పుడును బ్యాటే. కఱ్ఱ అట్లు గాదు. అది ఉదయము గుఱ్ఱము. మధ్యాహ్నము బిళ్ళను కొట్టు కోల. సాయంకాలము సైకిలు టైరును తోలు ములుగఱ్ఱ. రాత్రి వీథిదీపము క్రింద గీతలు గీయు కలము. కఱ్ఱకు ఏ పనియు నిర్ణయమై యుండలేదు గనుక ఆ నిర్ణయము పిల్లవాడు చేయవలసి వచ్చుచున్నది. ఆ నిర్ణయమునందే అతని బుద్ధి పనిచేయును. దుకాణమునుండి వచ్చిన బొమ్మలో ఆ పని అంతయు కార్ఖానాలోనే ముగిసిపోయినది. పిల్లవానికి మిగిలినది మీట నొక్కుట మాత్రమే.

ఈ సంగతిని కనిపెట్టినవాడను నేనొక్కడనే కాను. డెన్మార్కు దేశమున సోరెన్‌సెన్ అను ఉద్యానశిల్పి పిల్లల కొఱకు చక్కని ఆటస్థలములు నిర్మించెడివాడు. ఆ చక్కని స్థలములను విడిచి పిల్లలు ఇండ్లు కట్టుచున్నచోట పడియున్న చెక్కలతోను, ఇటుకలతోను ఆడుకొనుటను అతడు గమనించెను. 1943లో, ఆ దేశము జర్మనుల ఆక్రమణలో నున్న కాలమున, కోపెన్‌హాగన్ నగర శివారు ఎండ్రూప్‌లో అతని ఆలోచన ననుసరించి చెక్కలు, త్రాళ్ళు, పాత చక్రములు, పనిముట్లు మాత్రమే యుంచిన ఆటస్థలము నొకదానిని తెరచిరి. పిల్లలే అందు ఇండ్లు కట్టుకొనిరి, పడగొట్టిరి, మఱల కట్టిరి. తరువాత సైమన్ నికల్సన్ అను ఆంగ్లేయ శిల్పి 1971లో ఒక వ్యాసము వ్రాసి, చుట్టునున్న పరిసరములలో కదల్చుటకును, మార్చుటకును వీలైన వస్తువులు ఎన్ని విధములుగా నుండునో మనుష్యుని కల్పనాశక్తికి అంత అవకాశముండునని వాదించెను. శిల్పులకు, కవులకు మాత్రమే కల్పన చేయు సుఖమును విడిచి, పిల్లలకు సిద్ధమైన వస్తువును ఇచ్చుట వారిని వంచించుటయే యని అతని అభిప్రాయము.

మన దేశమున ఈ మాట క్రొత్తది కాదు. భారతమున ఆదిపర్వములో కురుకుమారులు ఆడుకొనుచుండగా వారి ఆటవస్తువు నూతిలో పడినది. సంస్కృతమూలమున దానిని వీటా యన్నారు. అది బంతి యని కొందరును, కొయ్యబిళ్ళ యని కొందరును అర్థము చెప్పిరి. కొయ్యబిళ్ళయే యైనచో మన బిళ్ళంగోడునకు అంతకంటె గొప్ప వంశవృక్షము అక్కఱలేదు. అంతమంది రాజకుమారులును దిక్కుతోచక నిలిచియుండగా ద్రోణుడు గడ్డిపోచలను ఒకదానికొకటి గ్రుచ్చి దానిని పైకి తీసెను. మహాగురువు తన విద్యను మొదట ప్రదర్శించినది గడ్డిపోచతోనే యనుట ఉపాధ్యాయులు మరువదగని విషయము. మన కాలమున అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతోను, సైకిలు వాల్వుట్యూబు ముక్కలతోను, పారవేసిన సీసామూతలతోను వందలకొలది ఆటవస్తువులు చేసి చూపి, విజ్ఞానశాస్త్రమును బడిపిల్లల చేతులలోనికి తెచ్చెను. 2018లో ఆయనకు పద్మశ్రీ గౌరవము లభించినది.

శాస్త్రమనగానే నాకు ముంజికాయల బండి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఎండకాలమున తాటిముంజెలు తినిన తరువాత మిగిలిన రెండు బుఱ్ఱలను పిల్లలు చక్రములుగా చేయుదురు. ఒక పుల్లను ఇరుసుగా రెంటికిని గ్రుచ్చుదురు. కొనయందు పంగ గల పొడుగు కఱ్ఱను ఆ ఇరుసుపై నానించి ముందునకు తోయుదురు. వినుటకు ఇంత సులువు. చేయుటకు కూర్చున్నప్పుడు గాని అందలి చిక్కులు తెలియవు. పుల్ల నడిమధ్యను దిగనిచో బండి కుంటును. రెండు కాయలును ఒకే పరిమాణమున లేనిచో బండి చిన్నకాయ వైపునకు తిరిగిపోవును. పంగ బిగువైనచో ఇరుసు తిరుగదు; వదులైనచో జారిపోవును. పదేండ్ల బాలుడు ఈ చిక్కుల నొకటొకటిగా విడదీసికొని, సాయంకాలమునకు బండి తోలుకొని వీథి యంతయు తిరిగి వచ్చును. ఆ బాలుడే మఱునాడు తరగతిలో కేంద్రము, వ్యాసార్ధము, ఘర్షణము అను మాటలు చదివి అర్థము కాక తల వంచుకొని కూర్చుండును. నిన్న అతడు చేసినది ఇదియే యని చెప్పువారు లేకపోవుటచేతనే ఆ పాఠము అతనికి కొఱుకబడకున్నది.

చేతిపని కంటె ఆశ్చర్యము కలిగించునది పిల్లల ధర్మశాస్త్రము. ఆట మొదలు పెట్టుటకు ముందు పంటలు వేసికొందురు. అరచేయి పైకిని క్రిందికిని తిప్పుటలో వేరుపడినవాడు తప్పుకొనును. కడకు మిగిలినవాడు దొంగ. ధనికుని బిడ్డయైనను, పెత్తందారు కుమారుడైనను దొంగతనము తప్పదు. చెడుగుడునకు జట్లు విడదీయునప్పుడు ఉద్దులు కట్టుదురు. సమానమైన బలముగల ఇద్దరు దూరముగా పోయి, రహస్యముగా చెరియొక పేరు పెట్టుకొని వచ్చి, ‘సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా’ అని నాయకుల నడుగుదురు. ఏ పేరు వెనుక ఎవరున్నారో తెలియక నాయకుడు కోరుకొనును. రెండు జట్లును సమబలములగును, పక్షపాతమునకు తావుండదు, ‘నన్నెవరును కోరుకొనలేదు’ అను అవమానము ఏ బలహీనునికిని కలుగదు. ఈ పద్ధతిని ఏ పెద్దలు కూర్చుండి ఆలోచించిరో నాకు తెలియదు. మన పాఠశాలలలో మాత్రము నేటికిని ఇద్దరు నాయకులను నిలిపి, వరుసగా కోరుకొనుడనియు, చివరకు మిగిలిన పొట్టివానిని ఎవరో యొకరు తీసికొనుడనియు చెప్పుచున్నాము.

తగవులు రాకపోవునా? వచ్చును. ‘తొండి’ యని ఒకడు అరచును. ‘తూచ్’ అని వేరొకడు ఆ దెబ్బను లెక్కలోనుండి తీసివేయును. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నవాడు ‘టైంప్లీస్’ అని చేయెత్తగా ఆట అంతయు నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు ఆట కంటె తగవే దీర్ఘమగును. కాని తగవు తీరనిచో ఆట సాగదు. ఆట సాగనిచో అందరికిని నష్టమే. కనుక ఎట్లో తీర్చుకొందురు. మేము ఈల పట్టుకొని మధ్య దూరినప్పుడు ఆ విద్య వారికి అవసరములేక పోవుచున్నది. ఇంగ్లండున ఐయోనా, పీటర్ ఓపీ దంపతులు వేలకొలది పిల్లలను అడిగి, వారి వీథి ఆటలను వ్రాసికొని 1969లో గ్రంథముగా ప్రకటించిరి. పెద్దల పర్యవేక్షణ లేనిచోటనే పిల్లల ఆటలు నిండుగా వర్ధిల్లునని వారును గ్రహించిరి.

ఇక నేను ఈ వ్యాసమునకు పేరుగా పెట్టిన అరటిపండు సంగతి. తల్లులు కూలికి పోయిన ఇండ్లలో ఎనిమిదేండ్ల అక్కకు రెండు మూడేండ్ల తమ్ముని అప్పగించి పోవుదురు. ఆ పిల్ల వానిని చంకనెత్తుకొని ఆటకు వచ్చును. వానిని దింపినచో ఏడ్చును; ఎత్తుకొన్నచో ఆమెకు ఆట లేదు. అప్పుడు పిల్లలందరు ఒక తీర్మానము చేయుదురు: వాడు ఆటలో అరటిపండు. వాడును అందరితోపాటు పరుగెత్తును; కేకలు వేయును; వానిని ముట్టుకొన్నను వాడు దొంగ కాడు; వాడు ఎవరిని ముట్టుకొన్నను లెక్క లేదు. తాను ఆడుచున్నాననియే వాని నమ్మకము. ఆ నమ్మకమును ఎవరును చెడగొట్టరు. ఒకటి రెండేండ్లు గడచిన తరువాత ఒకనాడు ‘ఇక వీడు అరటిపండు కాడు’ అని ఎవరో అందురు. ఆనాడు వాడు మొట్టమొదటిసారి దొంగయై ఎంత గర్వముగా కండ్లు మూసికొనునో చూచినవారికే తెలియును. బలహీనుని వెలివేయక, అతని కొఱకు ఆటను ఆపివేయక, అతనికి తగిన స్థానము కల్పించిన ఈ న్యాయమును మన తెలుగు పిల్లలు ఎప్పటినుండియో పాటించుచున్నారు. తరగతి గదిలో వెనుకబడిన పిల్లవానికి ఇట్టి స్థానమును కల్పించుట మనకు ఇంకను చేతకాలేదు.

నేటి స్థితి యేమి? పిల్లల ఆటలలో పిల్లలే అరటిపండ్లయి పోయిరి. ఆట ఏదో మేము నిర్ణయింతుము. నియమములు మేము చెప్పుదుము. ఈల మేము ఊదుదుము. పతకము మేము ఇత్తుము. పిల్లవాడు చొక్కాపై అంకె తగిలించుకొని పరుగెత్తును, తాను ఆడుచున్నాననుకొనును. ఆడుచున్నవారము మాత్రము మేము. అది పాఠశాలలోని మాట. ఇంటికడ చేతిఫోనులో ఆట ఎవరో దూరదేశమున రచించినది. పిల్లవాని బొటనవ్రేలు తప్ప తక్కిన దేహమంతయు అందు అరటిపండే.

బాలికల విషయము మఱింత విచారకరము. తొక్కుడుబిళ్ళ ఆడుటకు కావలసినది నేలపై గీతలు, ఒక పెంకుముక్క, ఒంటికాలిపై నిలువగల నేర్పు. గీత తొక్కకుండ, బిళ్ళ గీతపై పడకుండ గడి గడియు దాటవలెను. ఇంత చక్కని వ్యాయామమును కల్పించుకొన్నవారు బాలికలు. పదేండ్లు నిండగానే ‘ఆ గంతులేమిటి’ యని ఇంటివారందురు. అప్పుడు వారు అరుగుమీదికి చేరి అచ్చనగాయలు, వామనగుంటలు పట్టుదురు. అవి చేతికిని, లెక్కకును మంచి ఆటలే. కాని పరుగు అక్కడితో ముగిసిపోవును. మగపిల్లవానికి పదునారేండ్ల వరకు వీథి ఉన్నది. ఆడపిల్లకు పదేండ్లకే వీథి మూతపడుచున్నది. పాఠశాల ఆవరణ మొక్కటియే ఆమెకు మిగిలిన మైదానము. అక్కడ సైతము బాలురు మధ్యభాగమును ఆక్రమించుకొని, బాలికలను గోడ ప్రక్కకు నెట్టుటను నేను ఏండ్ల తరబడి చూచుచు ఊరకుంటిని. ఇది నా తప్పిదములలో నొకటి.

ఇంకొక తప్పిదమును కూడ చెప్పుకొందును. ఏలయన నా వాదమునకు ఎదురుగా నిలుచు బలమైన ఆక్షేపణ అందే ఉన్నది. బిళ్ళంగోడును కొందరు గూటిబిళ్ళ యనియు, కొందరు కఱ్ఱాబిళ్ళ యనియు, తెలంగాణమున కొన్నిచోట్ల చిర్రగోనె యనియు అందురు. మూరెడు కోల, జానెడు బిళ్ళ. బిళ్ళ కొనలు రెండును చెక్కియుండును. కొనపై కొట్టగా బిళ్ళ గాలిలోనికి లేచును. లేచినదానిని మఱల కొట్టవలెను. ఒకనాడు మా పాఠశాలలో ఆ బిళ్ళ ఒక బాలుని కనుబొమపై తగిలి నెత్తురు కారినది. వ్రేలెడు క్రిందికి తగిలియున్నచో కన్ను పోయెడిది. ఆ బాలుని తల్లి వచ్చి నన్నేమియు అనలేదు; బిడ్డ ముఖమును కొంగుతో తుడుచుచు నిలుచుండినది. నేనా సాయంకాలమే కోలలను, బిళ్ళలను అన్నిటిని తెప్పించి వంటపొయ్యిలో పెట్టించితిని. బిళ్ళ దెబ్బలకు కండ్లు పోయిన పిల్లలు లోకమున ఉన్నారు. కనుక నేను చేసినది అన్యాయమని నేడును అనలేను.

కాని తరువాత జరిగినది వినుడు. రెండు వారములు పిల్లలు గోడమీద కూర్చుండి ఒకరినొకరు తోసికొనిరి. మునుపెన్నడును లేనన్ని పోట్లాటలు నా యొద్దకు వచ్చినవి. మూడవ వారమున నలుగురు బాలురు నా గదికి వచ్చిరి. దెబ్బ తగిలినవాడును వారిలో నుండెను. అరిగిపోయిన హవాయి చెప్పును కోసి బిళ్ళ చేసికొని వచ్చిరి. నేలమీదినుండి ఎగురగొట్టుట మానివేసి, చేతితో ఎగురవేసి కొట్టుట అని నియమము మార్చుకొనిరి. కొట్టువానికి పది కోలల దూరమున గీత గీసి, అందరును దానికి వెనుక నుండవలెనని కట్టడి చేసికొనిరి. ‘మాస్టారండీ, ఇది తగిలినా ఏం కాదండి. కావాలంటే మీ చేతిమీద వేసి చూడండి’ అని దెబ్బ తగిలిన బాలుడే అనెను. నేను అరచేయి చాచితిని. వాడు విసరెను. నిజముగనే ఏమియు కాలేదు. ప్రమాదమును చూచి నేను చేయగలిగినది పొయ్యిలో పెట్టించుట. వారు చేయగలిగినది ఆటను దిద్దుకొనుట.

పిల్లలు అన్ని ప్రమాదములను గుర్తింపగలరని నేననను. నుయ్యి, రోడ్డు, తెగిన విద్యుత్తీగ, గాజుపెంకు – వీనిని చూచుకొనవలసిన బాధ్యత పెద్దలది. స్థలమును శుభ్రపఱచి, హద్దు చూపి, అంతటితో తొలగవలెను. హద్దు లోపల ఏమి చేయవలెనో వారికే విడువవలెను.

మఱి యొక ఆక్షేపణ కలదు. ‘పెంకులతో ఆడుకొనుడని పేదపిల్లలకు బోధించి, ప్రభుత్వమునకు ఖర్చు తప్పించుచున్నారా?’ అని ఒక యువ ఉపాధ్యాయుడు నన్ను సూటిగా నడిగెను. అడుగదగిన ప్రశ్న. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన అనుబంధమున ప్రతి పాఠశాలకును ఆటస్థలము ఉండవలెననియు, ప్రతి తరగతికిని అవసరమునుబట్టి ఆటవస్తువులు, క్రీడాసామగ్రి సమకూర్చవలెననియు చెప్పినది. అది హక్కు, అడిగి తీసికొనవలసినదే. లేమిని నేను కీర్తించుట లేదు. మంచి బంతితో ఆడుకొను భాగ్యము ప్రతి పిల్లవానికిని కలుగవలెను. నేను చెప్పునది రెండు మాటలు. వచ్చిన బంతిని బీరువాలో పెట్టరాదు. బంతి వచ్చినదిగదా యని పెంకులను ఊడ్చి పారవేయరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది నేల. పెంకు లేకున్న చింతగింజతో ఆడుకొందురు. నేల లేకున్న దేనితోను ఆడలేరు. అంతస్తులపై అంతస్తులు కట్టి, మేడమీద సిమెంటు చప్టాను చూపి ఇదియే ఆటస్థలమను పాఠశాలలు నగరములలో ఎన్నియో కలవు. ఆ పిల్లల తల్లిదండ్రులు జీతము కట్టునప్పుడు నేల యెంత యున్నదని అడుగుటలేదు.

‘ఇవన్నియు పాత ముచ్చటలు, కాలము మారినది’ అనువారును కలరు. కాలము మారినమాట నిజమే. నెదర్లాండ్సు ప్రాంతపు చిత్రకారుడు బ్రూగెల్ 1560లో పిల్లల ఆటలను ఒక పెద్ద చిత్రముగా వ్రాసెను. ఆ చిత్రము నేడు వియన్నా నగరమున నున్నది. అందు రెండు వందలకు పైగా పిల్లలు, ఎనుబదికి పైగా ఆటలు కనిపించును. వారిలో పీపాకు బిగించు చుట్టును కఱ్ఱతో దొర్లించువారున్నారు. ఎముకముక్కలతో మన అచ్చనగాయల వంటి ఆట ఆడువారున్నారు. కఱ్ఱను గుఱ్ఱముగా చేసికొన్నవారున్నారు. మా ఊరి పిల్లవాడు సైకిలు టైరు తోలుచు ఆ చిత్రములోనికి పోయినచో ఎవరును వానిని కొత్తవాడనుకొనరు. సుమారు 460 ఏండ్లును, సముద్రములును అడ్డునుండగా నిలిచిన కోరిక ఒక్క చేతిఫోను చేత చచ్చిపోవునని నేను నమ్మను. అది నిద్రించుచున్నది. అరగంట తీరికయు, కొంచెము నేలయు ఇచ్చి చూడుడు, లేచి కూర్చుండును.

ఆ అరగంటయే దుర్లభమైనది. పట్టికలో ఆటల పీరియడు ఉండును. పరీక్షలు దగ్గరపడగానే గణితము వచ్చి దానిని మ్రింగును. పిల్లలకు ఆడుకొను హక్కు కలదని ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము చెప్పినది. ఆ ఒడంబడికను మనదేశము 1992లో అంగీకరించినది. జూన్ 11వ తేదీని అంతర్జాతీయ క్రీడాదినముగా పాటింపవలెనని ఐక్యరాజ్యసమితి 2024లో తీర్మానించినది. సంవత్సరమున కొక దినమును ఆటకు కేటాయించిరి, సంతోషము. దినమున కొక అరగంట కేటాయించుటకు మనకు ఏ సమితి తీర్మానము కావలెను?

ఉపాధ్యాయ మిత్రులారా! మీరు చేయవలసినది స్వల్పము. పాఠశాల మూల నొక చోట చెక్కముక్కలు, త్రాళ్ళు, పాత టైర్లు, కొబ్బరిచిప్పలు, గోనెసంచులు, పుల్లలు పోగుచేయుడు. మేకులును, గాజును ఏరివేయుడు. మైదానమున సగభాగము బాలికలకు ముందుగా విడిచి పెట్టుడు. అరగంట ఇండు. ఏమి చేయవలెనో చెప్పకుడు. మొదటి రెండు దినములు వారికి ఏమియు తోచదు, మీవైపు చూతురు, మీరు వేరొకవైపు చూడుడు. మూడవనాడు మొదలుపెట్టుదురు. దానికి మార్కులు వేయకుడు, పోటీ పెట్టకుడు, ప్రథమ బహుమతి ప్రకటింపకుడు. మూడు మొదలు ఎనిమిదేండ్ల పిల్లల కొఱకు 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ‘జాదూయీ పిటారా’ యను ఆటవస్తువుల పెట్టెను వెలువరించినది. మంచి ప్రయత్నము. కాని ఆ పెట్టెయు నా పెట్టెవలె బీరువాకు చేరకుండ చూచు భారము మనదే.

విద్యార్థులారా! మీకును ఒక పని చెప్పెదను. మీ ఇంట అమ్మమ్మను, తాతయ్యను కూర్చుండబెట్టి, వారు చిన్ననాట ఆడిన ఆటల పేర్లు, నియమములు అడిగి వ్రాసికొనుడు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున ప్రాచీన కావ్యములనుండి మనవారి ఆటపాటల పేర్లను ఏరి కూర్చిరి. వానిలో కొన్ని ఆటలను ఎట్లు ఆడెడివారో నేడు చెప్పగలవారు లేరు. పేరు మిగిలి, ఆట పోయినది. మీ తాతయ్య ఎఱిగిన ఆటకు ఆ గతి పట్టకుండ చూచుట మీ చేతిలో నున్నది. వ్రాసికొనుటతో ఆగక, నలుగురు కలిసి ఆడి చూడుడు. నియమము నచ్చకున్న మార్చుకొనుడు. మార్చుకొను అధికారము మీదే.

బీరువా సంగతి చెప్పి ముగింతును. ముడుతలు పడిన బంతులను చూచిననాడు నాకు సిగ్గు కలిగినది. మఱునాడు తాళపుచెవిని అయిదవ తరగతి పిల్లలకు ఇచ్చి, తీసికొనుట, పెట్టుట మీరే చూచుకొనుడంటిని. వంతులు వేసికొని వారే చూచుకొనిరి. ఆ సంవత్సరమే ఒక బంతి పంటకాలువలో కొట్టుకొని పోయినది. స్టాకు రిజిస్టరులో దాని యెదుట ‘ఆటలో పోయినది’ అని వ్రాసితిని. తనిఖీకి వచ్చిన అధికారి ఆ మాటకడ వ్రేలుంచి, క్షణమాగి, మాటాడక క్రింద సంతకము చేసెను.

ఆ తరువాత మధ్యాహ్నములందు నేను ఈల లేకుండ మైదానమునకు పోయి చెట్టుక్రింద నిలుచుండెడివాడను. ఒకనాడు ఏడు పెంకులాటలో బంతి వచ్చి నా కాలికి తగిలినది. ‘మాస్టారు ఔటు!’ అని ఒక చిన్నది అరచినది. వెంటనే పెద్దపిల్ల యొకతె దానిని మందలించి, ‘కాదే, మాస్టారు అరటిపండు’ అనెను. నా ఉద్యోగమున నాకు లభించిన బిరుదములలో అంత తగినది వేరొకటి లేదు. పిల్లల ఆటలో మనకు ఉండదగిన స్థానము అదియే.